చప్పుడు లేని ఇంట్లో అలక

మా పక్క వాటాలో ఉండే తలుపుల మేస్త్రీకి చెవులు మహా సున్నితం. ఎవరింట్లోనైనా తలుపు బందు కిర్రుమంటే పంటి కింద ఇసుక పడ్డట్టు మొహం పెడతాడు. పలకరించిపోదామని వచ్చినవాడు కూడా మాట మధ్యలో లేచి, జేబులోంచి చిన్న నూనె సీసా తీసి, బందులో చుక్క వేసి, తలుపు అటూ ఇటూ ఆడించి, అప్పుడు వచ్చి కూర్చుని "ఊఁ, ఏదో అంటున్నారు" అంటాడు. ఏమంటున్నామో అప్పటికి మనకే గుర్తుండదు.

ఆస్పత్రుల్లో, బడుల్లో, ఆఫీసుల్లో తలుపుల చప్పుడు తగ్గించడం ఆయన పని. ఆ విద్యేమిటో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు కదా, ఓ రోజు ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేశాను. తలుపు నెత్తిన ఓ ఇనప డబ్బా బిగిస్తారు, డోర్ క్లోజర్ అంటారు. దాని కడుపులో నూనె ఉంటుంది. తలుపు మూసుకునేటప్పుడు ఆ నూనె సన్నటి సందులోంచి దూరి పోవాలి. మనం ఎంత విసురుగా తోసినా నూనె తొందరపడదు, అందుకని తలుపూ తొందరపడదు. పక్కనున్న స్క్రూ బిగిస్తే ఇంకా నెమ్మది, వదులు చేస్తే కాస్త వేగం. ఆ మిగిలిన చప్పుడుని చట్రానికి అంటించిన రబ్బరు పట్టీ మింగేస్తుంది.

అంతా బాగానే ఉంది. ఆ విద్య ఇంట్లో కూడా చూపించాడు, అక్కడొచ్చింది తంటా.

ఆయన భార్య నోట్లో నాలుక లేని మనిషి. కోపమొస్తే అరవదు, ఏడవదు, తలుపు వేస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలోంచీ అంతే. వంటింటి సొరుగు టపీమంటే సంగతి చిన్నదని, పడకగది తలుపు ధడేలుమంటే బతిమాలక తప్పదని మేస్త్రీకి తెలుసు. అలాంటి ఇంట్లో, పని చేయించుకునేవాళ్ళకి నమూనా చూపించడానికి పనికొస్తుందని, వీధి తలుపు నుంచి వంటింటి సొరుగుల దాకా అన్నిటికీ నూనెలూ రబ్బర్లూ బిగించేశాడు. ఆ పైన వచ్చినవాళ్ళందరికీ ఒకటే గొప్ప. ఇవి పెట్టించిన దగ్గర్నుంచీ మా ఇంట్లో గొడవన్న మాటే లేదండీ అని.

ఓ రోజు పొద్దెక్కాక నా గుమ్మంలోకి వచ్చి, మా ఆవిడ మీ ఇంటికి గానీ వచ్చిందా అని అడిగాడు. ఎప్పుడు వెళ్ళిందో తెలీదట, చప్పుడు కాలేదట. నేను చెప్పులేసుకుని తిన్నగా రెండు వీధుల అవతలున్న ఆవిడ అక్కగారింటికి వెళ్ళాను. అక్కడే ఉంది. వాళ్ళక్క అప్పటికే అల్మారాలో ఓ అర ఖాళీ చేసి చెల్లెలి చీరలు సర్దుతోంది. అల్మారాలోకి చీరలెక్కాయంటే అది చుట్టపుచూపు కాదు.

పక్కన కూర్చుని కూపీ లాగాను. మాట తక్కువ మనిషి కదా, వచ్చిన నాలుగు ముక్కలూ గట్టిగానే వచ్చాయి.

"ఇన్నాళ్ళుగా అలుగుతూనే ఉన్నాను పిన్నిగారూ. ఆయనకి తెలియనే లేదు. నేను విసురుగా తోస్తానా, అది ఒళ్ళు విరుచుకుంటూ తీరిగ్గా వచ్చి మూసుకుంటుంది. అది మూసుకునేదాకా నేను నిలబడి చూడాలి. చూస్తుంటే నవ్వొస్తుంది. నవ్వొచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండుతుంది. ఇవతల ఆయన హాయిగా కునుకు తీస్తుంటారు."

అలగడానికి ఒక్క తలుపైనా లేని ఇంటికి తను రానంది. వాళ్ళక్క కూడా రానివ్వనంది.

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మేస్త్రీ ముందు నమ్మలేదు. తర్వాత కుర్చీలో కూలబడి, అయితే మా ఇంట్లో ఇన్నాళ్ళూ గొడవలు జరుగుతున్నాయా అని నన్నే అడిగాడు. కాసేపటికి లేచి స్క్రూడ్రైవర్ తీశాడు.

పడకగది తలుపు స్క్రూ వదులు చేస్తే వేగం వచ్చింది గానీ రబ్బరు దాన్ని బుస్సుమనిపించింది. రబ్బరు పీకితే డబ్బా అడ్డం పడింది. చివరికి డబ్బా ఊడదీసి, పాత సామాన్ల బుట్ట వెతికి మునుపటి ఇనప గొళ్ళెం మళ్ళీ బిగించాడు. పుట్టి బుద్ధెరిగాక తలుపుకి చప్పుడు తెప్పించిన పాపాన పోలేదాయన. ఒక్కో దెబ్బకీ కళ్ళు గట్టిగా మూసుకుని, వినపడిందా పిన్నిగారూ అని లోపల్నుంచి అడగడం. ఇది ఉప్పెక్కువైందన్నప్పటి అలక నాయనా, పుట్టింటి మాట ఎత్తినప్పటి అలక కావాలి అని నేను అరుగు మీంచి చెప్పడం. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

తలుపు మళ్ళీ మోగుతోందని వాళ్ళక్క ఇంటికి వెళ్ళి చెప్పొచ్చాను, మర్నాడు ఆవిడ వచ్చింది. సంచీ కింద పెట్టలేదు. ఎవరినీ పలకరించకుండా తిన్నగా పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసింది. గోడ గడియారం పక్కకి ఒరిగింది. వంటింట్లో ఉన్న మేస్త్రీ తడిచేతులతో పరిగెత్తుకొచ్చి, తలుపు దగ్గర నిలబడి, "ఏమైంది? ఏం చేశాను?" అన్నాడు.

నేను వాళ్ళ గుమ్మంలోంచి ఇంకో అడుగు లోపలికి వేశాను.

తలుపు తెరుచుకుంది. "నన్ను ఒక్క మాట అడక్కుండా ఇల్లంతా మీ ఇష్టానికి మార్చేశారు," అంది ఆవిడ. గొంతు పెద్దది చేయలేదు.

మేస్త్రీ చేతులు తుడుచుకుని వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. "ఇప్పుడు అడుగుతున్నాను. ఏది ఉంచను, ఏది తీయను, నువ్వే చెప్పు," అన్నాడు.

సంచీ కింద పెట్టింది. ముందు ఆవిడా, వెనక ఆయనా, ఆ వెనక నేనూ గది గదికీ తిరిగాం. వంటింటి తలుపు ఉంచమంది, రెండు చేతుల్లో గిన్నెలున్నప్పుడు దానంతటదే మూసుకుంటుందని. సొరుగుల్లో ఒక్కటి తన కోసం మామూలుగా చేయించుకుంది. స్నానాలగది తలుపు ఆయన ఇష్టానికి వదిలేసింది.

ఆఖరుకి వీధి తలుపు దగ్గరికొచ్చాం. దీనిదీ తీసేయనా అని మేస్త్రీ అడిగాడు. ఆవిడ ఓసారి తలుపు కేసి చూసింది, ఓసారి నాకేసి చూసింది.

"అది అలాగే ఉండనివ్వండి. మనం ఎప్పుడెళ్తున్నామో, ఎప్పుడొస్తున్నామో పిన్నిగారికి వినపడకుండా ఉండే తలుపు ఒక్కటైనా ఉండాలి."

మేస్త్రీ స్టూలెక్కి ఆ స్క్రూ ఇంకాస్త బిగించాడు.