పిట్ట ముట్టిన పొద్దు

ఈ పొద్దున మా భేస్తాన్ ఇంటి బాల్కనీ ఎదురుగా కేబుల్ తీగ మీద ఒక కాకి, దాని పక్కన ఒంటినిండా చుక్కలున్న పిట్టపిల్ల ఒకటి కూర్చున్నాయి. పిల్ల గొంతు చించుకుని నోరు తెరుస్తోంది, కాకి ఎక్కణ్ణించో తెచ్చిన రొట్టె ముక్క అందులో కుక్కుతోంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన నా కూతురు, "పప్పా, జర చూడు! కాకి పాగల్ అయిందా ఏంది, వేరే పిట్టకు తినిపిస్తాంది" అంది. అది కోకిల పిల్ల అనీ, కోకిల దొంగచాటుగా కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుందనీ, కోకిల కనిపిస్తే తరిమికొట్టే కాకి దాని పిల్లను మాత్రం కడుపున పుట్టినదానిలాగే సాకుతుందనీ చెప్పాను. ఈ చదువు నాకు పుస్తకాల్లో దొరకలేదు. చిన్నాయన పేరిట పిట్టకు పెట్టిన నాడు దొరికింది.

చిన్నాయన అంటే సొంత చిన్నాయన కాదు. మా ఊరివాడు, వరసకు అంతే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఊళ్లో మరమగ్గాలు మూతబడితే, ముప్పై ఏళ్లవాణ్ణి, మీసాలున్న మనిషిని, ఒక సంచీ పట్టుకుని ఆయన గది ముందు దిగాను. ఆయన సూరత్ పక్కనే ఉన్న జోల్వాలో మగ్గాలు నడిపేవాడు. ఊరి నుంచి ఎవడు రైలు దిగినా తిన్నగా ఆయన కంచం దగ్గరికే వచ్చేవాడు. చిన్నమ్మ మంచి మనిషే గాని, వండిపెట్టేది ఆవిడ కదా! నన్ను చూడగానే ఆయనతో, "ఇల్లనుకున్నవా, సత్రమనుకున్నవా? ఇగ నాతోని గాదు" అని గిన్నెలు ఎత్తి కుదేసింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. తెల్లారి తన టిఫిన్ డబ్బా నా ముందు పెట్టి, "నువ్వు తిను, నాకు ఆకలైతలేదు" అని పనికి పోయాడు. నేను సిగ్గులేకుండా అడుగంటా ఊడ్చి తిన్నాను. మధ్యాహ్నం మగ్గాల మధ్యనే గుండె ఆగి పడిపోయాడని కబురొచ్చింది.

మూడోనాడు కాలువ గట్టున పిట్టకు పెట్టాం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరం జరిగితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే ఆయన మనసులో ఏదో కొరత మిగిలినట్టు. అన్నం, కోడికూర, చాయ్, బీడీ కట్ట, ఏదీ మరవలేదు. కాకులేమో తుమ్మచెట్టు దిగవు. మావాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటలివ్వడం మొదలుపెట్టారు. "నీ బిడ్డ పెండ్లి మేం చేస్తం, ముట్టరాదె" అన్నాడొకడు. ఇంకొకడు తాగుడు మానేస్తానన్నాడు. ఆ మాట కాకులు కూడా నమ్మినట్టు లేదు. గంట గడిచింది. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "నేనే తిట్టిన. ఉపాసం పంపిన. నా మీది కోపంతోనే ముడుతలేడు" అని కుమిలిపోయింది. ఆయన తినాల్సిన అన్నం ఎవరి కడుపులో పడిందో నాకు తెలుసు. తలెత్తలేకపోయాను.

అప్పుడు దిగింది ఒక కాకి. కూర కలిసిన అన్నం ముద్ద ముక్కున కరుచుకుంది. తినలేదు. కొమ్మ మీదికి ఎగిరి, అక్కడ అరుస్తున్న చుక్కల పిల్ల నోట్లో పెట్టింది. మళ్లీ దిగింది, మళ్లీ దానికే పెట్టింది. కార్యం చేయిస్తున్న మా ఊరి పెద్దమనిషి తల అడ్డంగా ఊపాడు. "అది కోకిల పిల్ల. కాకి తినలే గదా, ముట్టినట్టు గాదు. ఇంకో విస్తరి పెట్టుండ్రి."

చిన్నమ్మ లేచి నిలబడింది. "వద్దు. గది ఆయనే. ముందుగాల తన నోట్లె ఎన్నడు పెట్టుకున్నడు గనుక! పరాయి పిల్లలు తిన్నంకనే గద" అని ఏడుస్తూనే నవ్వేసింది. పెద్దమనిషి కొత్త విస్తరి తీసి పక్కన పెట్టాడు. మేమందరం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నాం. గదికి వచ్చాక ఆవిడ మొదటి కంచం నా ముందే పెట్టింది. "తిను. ఖాళీ డబ్బా ఇంట్లనే చూసిననాడే నాకెర్క, నువ్వు తిన్నవని. ఆయన పెట్టిందే గద" అంది. ప్రాణం తెరిపిన పడింది. రెండు రోజులని వచ్చినవాణ్ణి ఆ గదిలో మూడేళ్లున్నాను.

రెక్కలొచ్చిన కోకిల పిల్ల తనను పెంచిన కాకిని మళ్లీ తలుచుకోదు. నాకు మాత్రం ఇన్నేళ్లు గడిచినా, ఆ డబ్బాలోని టమాట పప్పులో ఉప్పు కాస్త తక్కువైందని ఇంకా గుర్తుంది.