ఎనిమిది గోలుల అమ్మాయి

గత ఏడాది ఆగస్టులో, మాచర్ల నుండి నరసరావుపేట వెళ్ళే బస్సులో, మోకాలికి కట్టు కట్టుకున్న ఒక ఫుట్‌బాల్ క్రీడాకారిణి నా పక్కన కూర్చున్నది. వెనుక సీట్లలో ఆమె జట్టు దిగులుగా ఉన్నది. ఆ సాయంత్రమే ఫైనల్. ఆమె ఆడే వీలు లేదు.

ఆ పోటీలలో జట్టు చేసిన తొమ్మిది గోలులలో ఎనిమిది ఆమెవేనని చెప్పింది.

"అంకెల ప్రకారం మీరు ఓడిపోవాలి కదమ్మా," అన్నాను.

"బంతి దొరికితే చాలు, నాకే ఇస్తారు తాతా. ఇయ్యాల నేనుండను గదా, ఇంక వాళ్ళే కొట్టాల," అని నవ్వింది.

దిగేముందు జట్టులోని ఒక అమ్మాయి ముందుకు వచ్చి, "మరి బంతి ఎవరికియ్యాల అక్కా?" అని అడిగింది.

"ఎవరికీ ఇయ్యమాక. కొట్టు."

నా పని మరునాటికి వాయిదా వేసుకుని నేనూ మైదానానికి వెళ్ళాను. వారు మూడు గోలులు చేసి గెలిచారు. ఆ మూడూ ముగ్గురు కొట్టినవి.