ఓదెలు పీ16 రిపోర్టు

రిటైర్మెంటుకు ముందు రెండేళ్లు గోదావరిఖనిలో ఒక ఆసుపత్రి ల్యాబులో సీనియర్ టెక్నీషియన్‌గా పనిచేశాను. బెల్లంపల్లి నుంచి బదిలీ మీద వచ్చిన మొదటి ఏడే ఓదెలు అనే గని కార్మికుడి ప్రాణం కాపాడాను. అతను బతుకుతాడని డాక్టర్ల కంటే ముందు చెప్పిందీ నేనే, చికిత్స మధ్యలో వదిలేసి వస్తే తిరిగి పంపిందీ నేనే.

ఓదెలుకు టాన్సిల్ మీద గడ్డ. గొంతు డాక్టరమ్మ అందులోంచి శనగగింజంత ముక్క తీసి పంపారు. దాన్ని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో దిమ్మగా పోసి, ఉల్లిపొర కంటే పలచగా కోసి గాజు పలకల మీదికెక్కించడం నా పని. చూసి క్యాన్సరని తేల్చడం పెథాలజిస్టు పని. తర్వాత ఆ దిమ్మ పీ16 పరీక్షకు హైదరాబాదు వెళ్లింది. పీ16 కణాల్లో ఉండే ఒక ప్రోటీను. రంగు పట్టించినప్పుడు గడ్డ కణాల్లో చాలావరకు గోధుమ రంగుకు తిరిగితే పాజిటివ్. టాన్సిల్ గడ్డలో అలా వస్తే, అది సాధారణంగా వైరస్ వల్ల పుట్టిందనీ, రేడియేషనుకు బాగా లొంగుతుందనీ అర్థం. బుగ్గలో పుట్టిన క్యాన్సరుకు ఈ మాట వర్తించదు.

రిపోర్టు ముందు ల్యాబుకే వచ్చింది. పాజిటివ్. డాక్టరమ్మ చూడకముందే ఓదెలును పిలిచి, "ఫికర్ చెయ్యకు తమ్మీ, గిది లొంగే జాతి. సగం సిట్టింగులకే మాయమైతది" అన్నాను.

మొదటి మాట రిపోర్టుది. రెండోది నా సొంతం. పొగ అలవాటున్న వాళ్లలో ఆ అనుకూలత తగ్గుతుందన్న సంగతి మాత్రం మింగేశాను. గని లోపల బీడీ నిషేధం గనుక, ఓదెలు పైకి రాగానే ఎనిమిది గంటలవీ కలిపి కాల్చేవాడు.

హైదరాబాదులో ముప్ఫై అయిదు రేడియేషన్ సిట్టింగులు రాశారు. ఇరవై కాగానే, నోరంతా పుండ్లతో, భార్య రాజమ్మను వెంటబెట్టుకుని ల్యాబులో ప్రత్యక్షమయ్యాడు.

"గడ్డ చేతికి తాకుతలేదన్నా. నువ్వన్నట్టే అయింది. ఇగ డాక్టరమ్మకు చెప్పి ఫిట్ ఇప్పియ్యి. మస్టర్లు తక్కువ పడుతున్నయ్."

మస్టరంటే ఒక రోజు హాజరు. ఏడాదికి ఇన్ని నిండకపోతే ఉద్యోగానికే ఇబ్బంది. సిక్‌లో ఉన్నవాడు ఫిట్ సర్టిఫికెట్ లేకుండా డ్యూటీ ఎక్కలేడు.

తిరిగి పంపింది నేనేనని పైన రాశాను. అది సాగదీసిన మాట. నిజానికి నేను చేసింది ఇంతే: డాక్టరమ్మనే అడగమని పంపాను. ఆమె ఫిట్ ఇవ్వలేదు. గడ్డ చేతికి తగలకపోయినా కణాలు మిగిలే ఉంటాయనీ, మధ్యలో ఆపితే అవి మళ్లీ పుంజుకుంటాయనీ చెప్పి, అప్పటికప్పుడు హైదరాబాదుకు ఫోన్ చేశారు. మిగతా పదిహేను సిట్టింగులూ పూర్తయ్యాయి. గడ్డ ఇప్పటివరకు తిరిగి రాలేదు. చెకప్‌లు నడుస్తున్నాయి.

పీ16 లాంటి మార్కరు ఒక మనిషికి ఇచ్చే హామీ కాదు. అలాంటి గడ్డ ఉండి, చికిత్స చివరిదాకా తీసుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఏమైందో చెబుతుంది, అంతే. ఆ "చివరిదాకా" అన్న షరతును టెక్నీషియన్ తీసెయ్యకూడదు. అసలు రిపోర్టు చెప్పడం అతని పనే కాదు.

ఇంతవరకు రాసి, మొన్న వాళ్లింటికి పోయి చదివి వినిపించాను. ఓదెలు నవ్వాడు. రాజమ్మ నవ్వలేదు.

"డాక్టరమ్మ దగ్గరికి నువ్వెక్కడ పంపినవన్నా? 'రేపు రా, నేను మాట్లాడి ఫిట్ ఇప్పిస్త' అంటివి. గీయన సరే అని లేచిండు. రెక్క పట్టి ఆ రూములకు గుంజుకపోయింది నేను. గా ముచ్చట రాయి."