యాకూబ్ కర్రలు దించని సాయంత్రం

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, ఆ రోజు ఏం తాగారని ముందు అడిగే రకం నేను. మా నాన్న కొత్తగూడెం వైపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. బాయి లోపల వింతలు జరుగుతాయని ఆయన స్నేహితులు చెబుతుంటే వాళ్ల ముఖం మీదే నవ్వి తిట్లు తిన్నాను. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే. ఆ రోజు నేను తాగింది టీ మాత్రమే.

నేను బాస్ గిటార్ వాయిస్తాను. మా బ్యాండ్ పేరు మూడో షిఫ్ట్. మీసాలు సరిగా రాని రోజుల్లో బాయి కార్మికుల పిల్లలం కలిసి పెట్టుకున్నాం. మేం వాయించేదాన్ని పోస్ట్ పంక్ అంటారు. గిటార్ గీరుతుంది, బాస్ ముందుండి నడిపిస్తుంది, పాట పాడినట్టు కాకుండా ఎవరినో నిలదీసినట్టు ఉంటుంది. మా అమ్మయితే పక్కింటివాళ్లతో పంచాయితీ పెట్టుకున్నట్టు ఉందనేది. డ్రమ్స్ మీద యాకూబ్. మొదటి రోజు నుంచీ వాడే.

మా జుట్లు నెరిశాక, మాతో కలిసి టూర్ చేస్తామని ఒక కుర్ర రాక్ బ్యాండ్ వచ్చింది. అందులో పాడేది నా కూతురు నవ్య. నాన్న పేరు చెప్పుకుని పైకొచ్చిందని ఎవరైనా అంటారేమోనని వ్యాన్‌లో కూడా నాకు దూరంగా కూర్చునేది. నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో, పైకి అంత చిరాకు నటించేవాడిని.

ఖమ్మంలో వాయించాక దమ్మపేట దగ్గర ఒక పామాయిల్ తోట పక్కన కార్యక్రమం. తోట యజమాని కొడుకు కిశోర్‌కు మా పాటలంటే పిచ్చి. ఖాళీ చేనులో స్టేజీ కట్టించాడు. వెనకంతా అడవి. ముందు రోజు కాలం కాని చెడగొట్టు వాన పడి నేల మెత్తబడింది. స్టేజీకి కుడి పక్కన లైట్ల కోసం ఇనుప పైపులతో టవర్ నిలబెట్టారు. నవ్య నిలబడి పాడే మైకు సరిగ్గా దాని కింద.

మధ్యాహ్నం నుంచే అడవి వైపు నుంచి గాలి మొదలైంది. గాలి విసిరినప్పుడల్లా టవర్ కిర్రుమనేది. నాకది నచ్చలేదు. కిశోర్‌ను పిలిచి చూపిస్తే మనుషులను పెట్టి ఇంకొన్ని తాళ్లు కట్టించాడు. ఏం కాదండీ, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాడు. మైకు పక్కకు జరుపుకోమని నవ్యకు చెప్పాను. వెలుతురు అక్కడే బాగా పడుతోందని, నా కంగారు తనకు అంటించొద్దని చెప్పి పంపేసింది. సత్తుపల్లి, అశ్వారావుపేటల నుంచి జనం అప్పటికే దిగుతున్నారు. కూతురి ముందు చాదస్తపు తండ్రిని అనిపించుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను.

పొద్దు గూకే వేళకు రెండు బ్యాండ్లూ కలిసి చివరి పాట ఎత్తుకున్నాం. అది మాదే. మధ్యలో ఒక చోట అందరం ఒక్కసారిగా ఆగిపోతాం. ఎనిమిది లెక్కల నిశ్శబ్దం. యాకూబ్ కర్రలు పైకెత్తి పట్టుకుంటాడు, వాడు దించినప్పుడు మళ్లీ అందుకుంటాం. ఆ ఖాళీలో బాస్ వాయించేవాడికి ఒక పని ఉంటుంది. రెండు చేతులూ తీగల మీద అదిమి పెట్టాలి. పెద్ద స్పీకర్ల ముందు చెయ్యి తీస్తే చాలు, తీగలు వాటంతటవే గుంయ్‌మని మోగుతాయి.

ఆగాం. ఎనిమిది లెక్కలూ అయిపోయాయి. యాకూబ్ కర్రలు దించలేదు.

మర్చిపోయాడనుకున్నాను. ఒళ్లు మండింది. నిద్రలో లేపినా వాయించే పాట అది. కానివ్వరా అన్నట్టు వాడి వైపు గుడ్లురిమి చూశాను. వాడు నన్నే చూస్తున్నాడు, కర్రలు గాల్లోనే ఉన్నాయి. జనం ఇదీ పాటలో భాగమే అనుకున్నారేమో, కిక్కురుమనలేదు. అడవి గాలి ఒక్కటే వినిపిస్తోంది. ఇంతలో నా పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే నవ్య. మైకు వదిలేసి స్టేజీకి అడ్డంగా నడిచి వచ్చేసింది.

ఎందుకొచ్చావని అడిగేలోపే గాలి విసురుగా కొట్టింది. తాళ్లు తెగాయి. టవర్ మొత్తం ఒరిగి ఆమె మైకు మీద పడింది. మైకు స్టాండు నడుం విరిగినట్టు మడతపడింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

జనం వెళ్లిపోయాక, కిశోర్ వాళ్ల వరండాలో కూర్చుని యాకూబ్‌ను ఎందుకు ఆగిపోయావని అడిగాను. వాడు నన్ను వింతగా చూశాడు.

"నువ్వే గదరా ఆగుమని చెయ్యి జూపినవ్. గట్ల జూపినంక నేనెట్ల కొడ్త?"

నేను చూపలేదన్నాను. పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చున్న నవ్య తలెత్తింది.

"నన్ను గూడ నువ్వే పిలిచినవ్ నాన్నా. జల్దీ రా అన్నట్టు చెయ్యి ఊపినవ్. నీ మొఖం జూసి భయమై వచ్చిన."

ఆ సాయంత్రాన్ని ఫోన్లలో తీసినవాళ్లు చాలామంది ఉన్నారు. దొరికిన వీడియోలన్నీ చూశాను. యాకూబ్ చూపు నా మీదే ఉంది. నవ్య నా వైపు చూసి ఉలిక్కిపడడం, గబగబా నడవడం కూడా ఉంది. నా చేతులు మాత్రం రెండూ తీగల మీదే ఉన్నాయి. సౌండ్ మిక్సర్‌లో రికార్డయిన శబ్దం కూడా తెప్పించుకుని విన్నాను. నా బాస్ నుంచి చిన్న మోత కూడా లేదు. చెయ్యి తీసి ఉంటే వినపడి తీరాలి.

లైట్ల వెలుతురులో ఏదో భ్రమ పడ్డారని సరిపెట్టుకోవాలని చూశాను. కుదరలేదు. ఒకరికి కనిపించింది ఆగమనే సైగ, ఇంకొకరికి రమ్మనే సైగ. తర్వాత విడివిడిగా అడిగినా ఇద్దరూ అదే చెప్పారు.

నవ్య ఇప్పుడు కనిపించిన ప్రతివాళ్లకూ మా నాన్నే నన్ను కాపాడాడని చెబుతోంది. కాదమ్మా అని వీడియో చూపించాను. మొత్తం చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి, నువ్వే అంది. కానీ మధ్యాహ్నం నుంచి ఆ టవర్ గురించి బెంగపడిన నేనే, పాట మొదలయ్యాక దాన్ని పూర్తిగా మర్చిపోయాను. ఆ నిశ్శబ్దమంతా కోపంగా యాకూబ్ కర్రలనే చూస్తూ ఉన్నాను. నా బిడ్డ వైపు ఒక్కసారైనా చూడలేదు. మరి అంత భయంతో ఆమెనే చూస్తున్న ఆ ముఖం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.