గుండ్రటి ముద్ర

నాయన పోయిన పదో నెలలో, ఆయన కాగితాల పని మీద మదనపల్లెలో ఒక ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా ఇనుప డబ్బా మూత తెరిచి, ఊదారంగు మెత్త మీద రబ్బరు ముద్ర అద్దగానే ఆ వాసన కొట్టింది: తడిగుడ్డా, జిగురూ, కాస్త చేదూ కలిసిన వాసన. నా కుడిచేతి బొటనవేలు దానంతట అదే కొంగులో దూరింది. పదేళ్ల వయసులో ఆ వేలు ఎప్పుడూ ఊదాగానే ఉండేది. అమ్మ చింతపండు పెట్టి ఎంత రుద్దినా మరక వదిలేది కాదు.

పుంగనూరులో మాది శాసనసభ్యుడి ఇల్లు. నాయన మూడుసార్లు గెలిచాడు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన శాసనసభలో ప్రభుత్వ చీఫ్ విప్, అంటే తమ పార్టీ సభ్యులెవరూ ఓటేసే వేళకు గీత దాటకుండా చూసుకునే పెద్ద. సభ లేని రోజుల్లో పొద్దు పొడవగానే మా వసారా నిండిపోయేది. బైరెడ్డిపల్లె నుంచి మొదటి బస్సుకొచ్చినవాళ్లు, వి.కోట నుంచి టమోటా లారీల మీద దిగినవాళ్లు, చెనక్కాయలు పీకే కాలమైతే ఎర్రమట్టి కాళ్లతో బల్లల మీద ముడుచుకుని కూర్చున్నవాళ్లు, బీడీ పొగ, తలనూనె, చెమట, వీటన్నిటి మధ్యా చేతుల్లో నలిగిన అర్జీలు. గంగజాతర దగ్గర పడితే అమ్మ పెద్ద గంగాళంలో రాగి అంబలి కలిపి, మజ్జిగ పోసి, పచ్చి ఎర్రగడ్డలు తరిగి వేసేది. వచ్చినవాళ్లు ముందు అంబలి తాగి తర్వాత కష్టం చెప్పుకునేవాళ్లు. కడుపులో చల్లగా పడ్డాక గొంతు పెద్దది చేయడం ఎవరికీ చేతకాదని నాయన లెక్క.

ఆయన ఎవరికీ లేదని చెప్పేవాడు కాదు. అడిగిన ప్రతివాళ్లకూ ఆఫీసర్లకు సిఫార్సు జాబు రాసిచ్చేవాడు. రాసి, సంతకం చేసి, కొన్ని మేజా మీద కుడివైపు పెట్టేవాడు, కొన్ని ఎడమవైపు. కుడివైపు వాటికి గుండ్రటి ముద్ర, ఎడమవైపు వాటికి చదరపు ముద్ర. ముద్రలు వేయడం నా పని. గుండ్రం కనిపిస్తే ఆఫీసరు పని చేసిపెడతాడు, చదరం కనిపిస్తే కుర్చీ వేసి, టీ ఇప్పించి, చూద్దామని పంపేస్తాడు. ఇది నాకెవరూ చెప్పలేదు. కానీ ఎవరి పనులవుతున్నాయో, ఎవరు మళ్లీ మళ్లీ వస్తున్నారో రోజూ చూస్తూ ఆ మాత్రం కనిపెట్టలేనంత మొద్దును కాను. నాయన చదరం పెట్టించినవాళ్లు కూడా ఆయన కాళ్లకు మొక్కి వెళుతుంటే నేను తల వంచుకుని మెత్త మీద సిరా పోస్తూ కూర్చునేదాన్ని.

రుక్మిణమ్మ కుప్పంలో నర్సు. భర్తకు ఊపిరితిత్తుల జబ్బు, మదనపల్లెలో ఆస్పత్రిలో పడి ఉన్నాడు. అక్కడికి బదిలీ కావాలని మూడోసారి వచ్చింది. మూడుసార్లూ ఆమె జాబు ఎడమవైపే పడింది, ఎందుకంటే ఆ ఉద్యోగం నాయన ఇంకెవరికో మాటిచ్చాడు. ఆ రోజు ఆమె నా పక్కన కూర్చుని ఆకుదొన్నెలో నేరేడు పండ్లు నా ముందుకు జరిపింది.

"ఈసారి అయిపోతాది పాపా. మీ నాయనే సెప్పినాడు గదా," అంది.

పండ్లు దొన్నెలోనే వదిలేశాను. నాయన అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గుండ్రటి ముద్ర తీసి ఆమె జాబు మీద గుద్దేశాను. సరిగ్గా అప్పుడే నాయన ఇటు తిరిగాడు. చేతిలో ఉన్న ముద్ర మార్చితే పట్టుబడతానని, ఎడమవైపు తర్వాతి జాబు మీద కూడా దాన్నే వేశాను. ఆయన మళ్లీ మాటల్లో పడ్డాడు.

ఆ రెండో జాబు మునిరత్నం మామ మీద వచ్చిన అర్జీకి నాయన రాసిచ్చినది. బైరెడ్డిపల్లె పక్కన పల్లెలో ఆయనకు రేషన్ అంగడి ఉండేది. నాయన మొదటి ఎన్నికల్లో ఆయన కోసం సైకిలు తొక్కుతూ ఊరూరా తిరిగినవాడు; ప్రతి జాతరకూ మాకు వేయించిన చెనక్కాయలు మూటగట్టి తెచ్చేవాడు. ఆ ఊరి పెద్దమనిషి అంగడి తన తమ్ముడికి కావాలని పట్టుబడితే, ఎలాగూ చదరమే కదా అని నాయన రాసిచ్చాడు.

వారం తిరక్కుండా, ఆ రెండు జాబుల పనీ అవుతోందని ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నాయన చాలాసేపు విన్నాడు. రిసీవరు పెట్టేసి నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు.

"యాల సేసినావు?"

"రుక్మిణమ్మ ఊరికే తిరగతాండాది నాయనా."

కొడతాడనుకున్నాను, కొట్టలేదు. "ఇప్పుడు కాదంటే ముద్రల సంగతి ఊరంతా తెలిసిపోతాది. ఈ మాట నీ నోట్లోంచి రాగూడదు," అన్నాడు. రెండు పనులూ అలాగే జరిగిపోయాయి. రుక్మిణమ్మ మదనపల్లెకు వెళ్లింది. మునిరత్నం మామ అంగడికి వేరే తాళం పడింది.

మామ వచ్చి వసారాలో నిలబడ్డాడు. అంబలి ఇస్తే ముట్టలేదు. "నేనేం తప్పు సేసినాన్నా?" అని అడిగాడు. నాయన ఆయన భుజం మీద చెయ్యేసి, అంగడి తిరిగి ఇవ్వాలని అప్పటికప్పుడు జాబు రాశాడు. ముద్ర నన్ను వేయనివ్వలేదు, తనే వేశాడు. తలుపు సందులోంచి చూశాను. చదరం వేశాడు. ఆ నెల్లోనే హైదరాబాదులో తమ పార్టీ శాసనసభా పక్ష ఉపనాయకుడి ఎన్నిక ఉంది, ఆ పెద్దమనిషి బావమరిది కూడా అందులో ఓటున్న సభ్యుడు. నాయన ఉపనాయకుడయ్యాడు. పూలదండలతో జీపు మా వీధిలోకి వచ్చిన రోజు నేను జ్వరమని పడుకున్నాను. మునిరత్నం మామ సంసారం ఎత్తుకుని కుప్పం వెళ్లి, పట్టుగూళ్ల మండీలో మూటలు మోయడానికి కుదిరాడని తర్వాత తెలిసింది.

నాయన పోయిన రోజు రుక్మిణమ్మ వచ్చి, ఆయన జాబు వల్లే భర్త చివరి నాలుగేళ్లూ పక్కనుండి చూసుకున్నానని ఏడ్చింది. మునిరత్నం మామ రాలేదు.

మదనపల్లె ఆఫీసు నుంచి నేను ఇంటికి వెళ్లలేదు. కుప్పం బస్సెక్కాను. నలభై ఏళ్లుగా మోసిన మాటను దారి పొడుగునా లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. మునిరత్నం మామ తన చిన్న ఇంటి ముందు ఎండలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, చూపు బాగా తగ్గింది. నేనెవరినో చెప్పి, కింద కూర్చుని, రెండు ముద్రల సంగతీ, పట్టుబడతానని రెండో జాబు మీదా గుండ్రం వేసిన సంగతీ అంతా చెప్పేశాను. మీ అంగడి పోగొట్టింది నేనే మామా, నాయన కాదు, అన్నాను.

ఆయన నా చేయి తీసుకుని బొటనవేలు తడిమి చూశాడు.

"నువ్వు ముద్రే గదమ్మా మార్చినావు," అన్నాడు. "జాబు రాసింది మీ నాయనే గదా."

సాయంత్రం బస్సుకు పుంగనూరు వచ్చాను. వసారా బల్లలు ఎప్పుడో తీసేశారు, గంగాళం ఎవరింటికి పోయిందో తెలియదు. గోడ మీద పూలదండల ఫోటో మాత్రం ఉంది. ప్రతి సాయంత్రం దాని ముందు దీపం పెట్టేదాన్ని. ఆ రోజు పెట్టలేదు.