కంపెనీ పేరిట ఒక ఇల్లు

మా ఓనరంకుల్ పోయారని పోయిన నెల ఆఫీసుకు ఫోనొచ్చింది. ఫైలు మూసి బయటికొచ్చాను గానీ, ఏ బస్సెక్కాలో కాసేపు తోచలేదు.

డెబ్బైల్లో సివిల్స్ పరీక్షలకని ఢిల్లీ వచ్చిన మాలాంటివాళ్లకు గది దొరకడం గగనం. మద్రాసీ, పైగా పెళ్లికానివాడు అని మొహం మీదే తలుపేసేవారు. ఆడిట్ ఆఫీసులో రిటైరైన అంకుల్‌కి అది చూసి మనసొప్పలేదు. నలుగురు స్నేహితులతో చిన్న కంపెనీ పెట్టి, దాని పేరిట బ్యాంకు అప్పు తెచ్చి, లక్ష్మీనగర్‌లో ఎనిమిది గదుల ఇల్లు కొని మాకు అద్దెకిచ్చారు. అప్పు సొంత పేరు మీదే తీసుకోవచ్చుగా అని ఒకసారి అడిగాను.

"పెన్షన్ మీద బతికేవాణ్ణి. రేపు నేను గుటుక్కుమంటే అప్పు మీ ఆంటీ నెత్తిన పడుద్ది. కంపెనీకి చావు లేదు భాయ్," అన్నారు.

ఓనరంకుల్ అంటే ఒప్పుకునేవారు కాదు. ఓనరు కంపెనీయే, తాను వట్టి గుమాస్తానట. అద్దెకి గడువు కావాలంటే కంపెనీకి అర్జీ రాయమనేవారు. ఆ అర్జీ పట్టుకుని పక్కగదిలోకి వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చి, కంపెనీ ఒప్పుకుందని గంభీరంగా చెప్పేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. నేను మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ఒప్పుకుంది. ఆ ఇంట్లో ఉంటూనే పరీక్ష గట్టెక్కాను. ఉద్యోగమొచ్చాక ఏడాదికోసారైనా ఆయన్ని చూడ్డానికి వెళ్లలేదు. ఆ సిగ్గు ఇప్పుడు నన్ను తినేస్తోంది.

పన్నెండో రోజు వాళ్లింటికి వెళితే బ్యాంకు ఆఫీసరు వచ్చి ఉన్నాడు. కంపెనీకి అప్పిచ్చేటప్పుడే బ్యాంకు విడిగా అంకుల్ చేత, కంపెనీ కట్టకపోతే తాను కడతానని సొంత హామీ రాయించుకుందట. వాళ్లు కాపురముంటున్న ఫ్లాటు కాగితాలు కూడా తాకట్టు పెట్టుకుందట. ఆంటీకి ఆ సంగతే తెలియదు. ఏది ఆవిడ మీద పడకూడదని అంకుల్ అంత తంటాలు పడ్డారో, అదే వచ్చి ఆవిడ ముందు కూర్చుంది. ఆఫీసరు మంచివాడే. లక్ష్మీనగర్ ఇల్లు ఖాళీ చేయించి అమ్మేస్తే అప్పు తీరి ఫ్లాటు విడిపోతుందన్నాడు. అమ్మకుండా ఉంచాలంటే అంకుల్ బదులు ఆవిడ హామీ ఉండాలి. ఆ మాటలు ఆంటీకి తెలుగులో నేనే చెప్పాను. అమ్మేయమని కూడా చెప్పాను.

ఆవిడ నా వైపు తిరిగారు.

"గదుల్లో ఇప్పుడెంతమంది ఉన్నారు నాయనా?"

ఆఫీసరు చేతిలోని జాబితా చూసి పదకొండు మంది అన్నాను.

"పరీక్షలెప్పుడు?"

వచ్చే నెలలో అన్నాను.

ఆంటీ పెన్ను అడిగి తీసుకున్నారు. హామీ కాగితం మీద తెలుగులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశారు. ఆఫీసరు కాగితం తీసుకోబోతే ఆగమన్నట్టు చెయ్యి అడ్డుపెట్టి, సిరా ఆరేదాకా కొంగుతో మెల్లగా విసురుతూ కూర్చున్నారు.