చివరి పద్యంపై నేను రాసిన సమీక్ష

బహ్రెయిన్‌లో ఉన్న కాలంలో, తొంభైల మధ్యలో, నేను ఒకే ఒక్క సంగీత సమీక్ష రాశాను. అది ఒక పేజీ కూడా లేదు. దాన్ని సరిదిద్దే అవకాశం మాత్రం నాకు దక్కింది. ఆ అవకాశాన్ని వదులుకున్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. హిద్‌లో ఓడలు మరమ్మతు చేసే యార్డులో స్టోర్సు గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. అక్కడి తెలుగువాళ్లు ఏటా ఒక శుక్రవారం ఉగాది ఉత్సవం జరుపుకొని, ఆ తరువాత ఒక చిన్న పత్రికను జిరాక్సు తీసి పంచేవారు. ఆ ఏడు కార్యక్రమంపై సమీక్ష రాసే బాధ్యత నాకు అప్పగించారు. కళాశాల గ్రంథాలయంలో సంగీత సమీక్షలు శ్రద్ధగా చదివినవాణ్ణి కనుక, లోపం చూపించనిది సమీక్షే కాదని నా నమ్మకం.

ఆ సాయంత్రం, సనాబిస్‌లో ఒక అరబ్బు ఇంట పనిచేసే కోనసీమ మహిళ మొదటిసారి మా వేదిక ఎక్కారు. పౌరాణిక నాటకంలోని నాయిక పద్యాలు నాలుగు పాడారు. బాగా పాడితే మరుసటి ఏడు వేయబోయే పూర్తి నాటకంలో నాయిక వేషం ఆవిడదేనని కమిటీ ముందే మాట ఇచ్చింది. హార్మోనియం వాయించినది నిజామాబాదు మేస్త్రీ. ఆవిడ గొంతు పై స్థాయి అందుకున్నప్పుడు, హాలు వెనక గిన్నెలు కడుగుతున్నవారు సైతం చేతులు ఆపి విన్నారు. మొదటి మూడు పద్యాల చివరా ఆనవాయితీ ప్రకారం దీర్ఘంగా రాగం తీశారు. ప్రతిసారీ ‘వన్స్ మోర్’ అన్న కేకలు లేచాయి. నాలుగో పద్యానికి మాత్రం రాగం తీయలేదు. చివరి మాట అనగానే చేతులు జోడించి, చకచకా వేదిక దిగి వెళ్లిపోయారు. జనం ఎంత అరిచినా తిరిగి రాలేదు.

‘గాత్రము శ్రావ్యము. అయినను చివరి పద్యమును రాగము లేకుండ తెంచివేయుట దమ్ము చాలకపోవుటకు, సాధనాలోపమునకు నిదర్శనము’ అని రాశాను. కింద పేరు పెట్టలేదు. పెద్ద పత్రికల్లో పెట్టరని నాకు తెలుసు.

మూడు వారాల తరువాత, నేను అందరికీ ఉత్తరాలు రాసిపెట్టే కోల్డ్‌స్టోర్ అనే కిరాణా కొట్టు దగ్గరికి, ఒక చేతిలో రొట్టెలు, మరో చేతిలో మడత పెట్టిన పత్రికతో ఆవిడ వచ్చారు.

“బాబుగారండీ, నా పాట గురించి ఏదో రాసేరంటండి. కాస్త చదివి పెడతారా?”

చదివాను. అక్షరం మార్చలేదు.

“సాధనా... అదేంటండి?”

“అంటే... ప్రాక్టీసు లేదని.”

ఆవిడ నవ్వేశారు. “నిజమేనండి! ఎక్కడ చేస్తానండీ? కుళాయి బర్రుమని తిప్పుకుని బాత్రూములో పాడుకుంటాను, మేడంగారికి వినపడకుండా.” పత్రిక వైపు వేలు చూపి అడిగారు. “రాగం ఎందుకు తెంచేనో రాయలేదాండి?”

“లేదండీ.”

“ఏడింటికల్లా ఇంట్లో ఉంటానని మేడంగారికి మాటిచ్చి వచ్చేనండి. ఆవిడ డ్రైవరు గుమ్మంలో నిలబడి యల్లా, యల్లా, పద పద అని చేతులు ఊపేత్తన్నాడు. రాగం ఎత్తుకుంటే మధ్యలో దించలేను కదండీ!”

మొదటి వరుసలో కూర్చున్న నాకు ఆ గుమ్మం వీపు వెనక ఉంది. తల తిప్పి చూడాలనిపించలేదు. తరువాత ఎవరినీ అడగాలనీ అనిపించలేదు.

“ఆ రాసినాయన మీకు తెలుసాండి?”

“తెలుసు.”

“అయితే ఈ మాట ఆయన చెవిన వెయ్యండి బాబూ. వేషం ఇత్తే మేడంగారు ఆ రోజంతా సెలవిత్తానన్నారు.”

చెబుతానన్నాను.

వేషాలు పంచే సమావేశంలో నేనూ ఉన్నాను. కమిటీ పెద్దాయన పత్రిక తెరిచి, “దమ్ము చాలదని మనవాళ్లే రాశారు కదండీ” అన్నారు. నాయిక వేషం ఒక ఇంజనీరుగారి భార్యకు ఇచ్చారు. మేస్త్రీ నా వైపు తిరిగి, “ఏం సారూ, డిగ్రీ సదివినోళ్లు గూడ ఇన్నరు గద ఆ అక్క గొంతు! జెర జెప్పరాదు?” అన్నాడు. అచ్చులో వచ్చిన నా మొదటి రాతను నలుగురిలో నేనే తప్పు అనడానికి నోరు రాలేదు. కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

మరుసటి ఉగాదికి ఆవిడ ప్రేక్షకురాలిగా వచ్చి, గుమ్మం పక్కన చివరి వరుసలో కూర్చున్నారు. విరామంలో నన్ను చూసి లేచారు.

“ఆయనకి చెప్పేరాండి?”

“చెప్పానండీ.”

“ఏమన్నారు?”

“చాలా బాధపడ్డారు.”

“అయ్యో, బాధెందుకండీ! ఆయనకేం తెలుసు పాపం, నా డ్రైవరు సంగతి!” అన్నారు. గోడ గడియారం చూసుకుని, “నేనేమీ అనుకోలేదని చెప్పండి బాబూ” అంటూ పైట సర్దుకుని, నాటకం సగంలోనే వెళ్లిపోయారు. ఏడు కావస్తోంది.